కొలత జాకెట్టు పట్టుకొని వచ్చేవాళ్ళు

ఆడవాళ్ళ లోదుస్తుల కౌంటర్లో పనిచేసి రిటైరయ్యానని చెబితే ఇప్పటికీ కొందరు మాట మారుస్తారు. బట్టల షాపులో చేశానంటే సరే. చీరల సెక్షన్ అంటే ఇంకా సరే. లోదుస్తులు అనగానే ఎండల గురించో, ఈసారి సాగర్ నీళ్ళు వదిలారా లేదా అనో అడుగుతారు. అందుకే మొదటే చెప్పేస్తున్నాను. సూర్యాపేటలో మొదలుపెట్టి, కోదాడలో కొన్నేళ్ళు, చివరికి మిర్యాలగూడలో, ఒకే యజమానికి ఉన్న మూడు షాపుల్లో నేను అమ్మింది బ్రాలు, లంగాలు, నైటీలు, బనీన్లు. అందులోనూ చివరి పదిహేనేళ్ళు ఎక్కువగా పాలిచ్చే తల్లులకే అమ్మాను.

మొన్న పని మీద మిర్యాలగూడ షాపుకు పోతే, నా కౌంటర్లో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు పట్టుకున్నారు. "సరళక్కా, ఫీడింగ్ సెక్షన్ అంటె మాకు భయమైతుంది, జర చెప్పి పో" అన్నారు. నిలబడి చెబితే సగం గుర్తుండదు. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను ఎవరు సన్మానించారు అన్నవి ఇందులో ఉండవు. సన్మానం ఎవరూ చెయ్యలేదు కూడా.

స్టూలు, తెర, బోర్డు

నేను సూర్యాపేట షాపులో చేరినప్పుడు ఈ కౌంటర్లో మగవాళ్ళే ఉండేవాళ్ళు. ఆడమనిషి వచ్చి నిలబడితే, కౌంటర్ అవతల నుంచే ఒకసారి చూసి, చూపుతోనే సైజు కట్టి, డబ్బా విసిరేవాళ్ళు. ఆమె తల దించుకొని డబ్బులిచ్చి పోయేది. సరిపోయిందా లేదా అని అడిగే దిక్కు లేదు. సరిపోకపోతే అది ఆమె ఒంటి తప్పు అనుకునేది.

మా యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. మార్వాడీ కాదు, మనవాడే. మార్కెట్‌లో ధాన్యం కమీషన్ చేసి, ఆ డబ్బుతో బట్టల షాపు పెట్టాడు. పిసినారి. కానీ గిరాకీ సంగతి తెలిసినవాడు. నన్ను పనిలో పెట్టుకున్న మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "సరళమ్మా, నిలబడ్డ గిరాకీ ఉరుకుదామని చూస్తది. కూసున్న గిరాకీ నోరు ఇప్పుతది. ఫస్టు కూసోబెట్టు." ఆయన దగ్గర నేను నేర్చుకున్న మంచి విషయం ఇదే. ఒక స్టూలు వేయించాను. స్టూలు వెనక తెర కావాలంటే, అమ్ముడుపోని చీర ఒకటి ఇచ్చాడు. అద్దం కోసం మాత్రం ఏడాది పోరాడాల్సి వచ్చింది.

ఆయన చేసిన చెడ్డపని కూడా చెప్పాలి. మూడు షాపుల్లోనూ కౌంటర్ పైన "లోదుస్తులు మార్చబడవు" అని పెద్ద బోర్డు రాయించాడు. తొడిగి విడిచినవి తిరిగి తీసుకోకూడదన్నది న్యాయమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ తొడిగి చూసుకోవడానికి చోటు ఇవ్వకుండా మార్చబడవు అంటే, తప్పు సైజు కొన్నవాళ్ళు దాన్నే కట్టుకొని తిరగాలి. డబ్బు పెట్టి కొన్నాం కదా, మూలన పడేస్తామా అని ఇంట్లోవాళ్ళు వేసుకోమంటారు. మామూలు ఆడమనిషికి అది రోజంతా చిరాకు. బాలింతకు అంతటితో ఆగదు.

కొలత జాకెట్టు

మన దగ్గర బాలింత గడప దాటదు. చెవులకు స్కార్ఫు కట్టుకొని, అర్రలో, అంటే తన గదిలో, మంచం మీద ఉంటుంది. వెల్లుల్లితో నూరిన ఎల్లిగడ్డ కారం అన్నం తింటుంది. ఆమెకు ఏం కావాలన్నా తల్లో, అత్తో, ఆడబిడ్డో బజారుకు వస్తారు. దర్జీ దగ్గరికి పోయినట్టే మా దగ్గరికీ కొలత జాకెట్టు పట్టుకొని వస్తారు. కోదాడలో అయితే దాన్ని ఆది జాకెట్టు అంటారు. పేరు ఏదైనా బాధ ఒకటే.

ఆ జాకెట్టు ఎప్పటిదో చూడండి. నూటికి తొంభై సార్లు పెళ్ళికి కుట్టించినదే. ఎందుకంటే ఇంట్లో అన్నిటికంటే మంచి ఫిటింగ్ దానిదే అని అందరికీ గుర్తు. పెళ్ళినాటి పిల్ల వేరు, కాన్పయిన తల్లి వేరు. పైగా మన దర్జీలు జాకెట్టును ఛాతీ మీద బిర్రుగా కుడతారు, అదే అందం అని. ఆ కొలతకు మీరు ఫీడింగ్ బ్రా ఇస్తే, ఆరు నెలల కింద సరిపోనిది ఈరోజు ఎట్లా సరిపోతుంది?

దీనికి తోడు ఇంకో నమ్మకం ఉంది. కాన్పు తర్వాత నడుముకు గుడ్డ బిగించి కట్టినట్టే, రొమ్ముకు కూడా బిగుతు ఉండాలని పెద్దవాళ్ళు అనుకుంటారు. "బిగుతుంటెనే జారవు" అంటారు. సైజు అడిగితే కావాలనే ఒక సైజు తక్కువ చెబుతారు. వాళ్ళను చూసి నవ్వకండి. మనవరాలి తల్లి మీద ప్రేమతోనే చెబుతున్నారు. కానీ ఆ మాట వినకండి.

నేను ఏం చేసేదాన్నంటే, కొలత జాకెట్టు పక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడిగేదాన్ని. ఇది ఎప్పుడు కుట్టించింది, ఇప్పుడు ఆమెకు హుక్కులు పడుతున్నాయా. రెండో ప్రశ్నకు చాలామంది "ఏమో, ఇప్పుడు నైటీలే ఏసుకుంటది" అనేవాళ్ళు. అయితే ఇంటికి పోయి టేపుతో కొలిచి రమ్మనేదాన్ని. రొమ్ము కింద ఒక కొలత, రొమ్ము మీదుగా ఒక కొలత, పాలు నిండుగా ఉన్నప్పుడు. ఫోన్లు వచ్చాక పని సులువైంది. షాపు నుంచే ఫోన్ చేయించి బాలింతతోనే మాట్లాడేదాన్ని. సిగ్గు పడేవాళ్ళు మొదట్లో. రెండు నిమిషాల తర్వాత వాళ్ళే వదలరు.

ఏం చూడాలి

ఇది అమ్మాయిలిద్దరూ బాగా చదవాల్సిన భాగం.

ముందుగానే రమ్మని చెప్పండి. తొమ్మిదో నెల పడ్డాక రెండు, మహా అయితే మూడు కొంటే చాలు. పుట్టింటివాళ్ళు ఉత్సాహంలో అరడజను అడుగుతారు. వద్దనండి. సేటు వింటే తిడతాడు, పరవాలేదు. పాలు దిగిన కొత్తల్లో రొమ్ము పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు ఉంటుంది. అది కుదుటపడ్డాక మళ్ళీ కొలిచి మిగతావి కొనుక్కోవాలి.

వీపు పట్టీ తొమ్మిదో నెలలో అన్నిటికంటే వదులు హుక్కు దగ్గర హాయిగా పట్టాలి. కాన్పు తర్వాత పక్కటెముకలు మెల్లగా దగ్గరికొస్తాయి, అప్పుడు లోపలి హుక్కులకు జరుపుకుంటుంది. పట్టీ కింద రెండు వేళ్ళు ఆడాలి. చేతులు పైకెత్తమనండి. పట్టీ వీపు మీదికి పాకితే వదులు. విప్పినప్పుడు ఒంటి మీద ఎర్రటి గీత లోతుగా ఉంటే బిగుతు. బరువు మోయాల్సింది ఈ పట్టీయే. భుజం పట్టీల మీద బరువు వేస్తే మెడ నొప్పి అంటుంది. భుజం పట్టీలు వెడల్పుగా ఉండేవి చూపించండి.

కప్పులో కొంచెం జాగా ఉండాలి. నిండుగా ఉన్నప్పుడు అంచు మీదుగా పొంగకూడదు. తాగించిన తర్వాత కొంచెం ముడతలు పడితే పడనివ్వండి. తీగ పెట్టినవి మొదటి నెలల్లో అసలు చూపించకండి. అవి ఒక్కచోట నొక్కుతాయి.

పాలివ్వడానికి కప్పును కిందికి దించే క్లిప్పు ఒక చేత్తో తియ్యగలగాలి. రెండో చేతిలో ఏడ్చే బిడ్డ ఉంటుంది. నేను గిరాకీ సంచినే ఆమె చంకలో పెట్టి, ఇప్పుడు తియ్యి చూద్దాం అనేదాన్ని. నవ్వేవాళ్ళు, కానీ తెలిసేది. తీసినప్పుడు గుడ్డ మొత్తం కిందికి వాలాలి. చిన్న కన్నం వదిలి చుట్టూ గుడ్డ ఒత్తుకునే మోడళ్ళు కొన్ని ఉన్నాయి, అవి వద్దు.

నిలబడి అద్దంలో చూసుకుంటే చాలదు. మన ఇళ్ళల్లో తల్లి మంచం మీద కాళ్ళు ముడుచుకొని, ముందుకు వంగి తాగిస్తుంది. అట్లాగే కూర్చోబెట్టి, వంగమని చూడండి. నిలబడినప్పుడు బాగున్నవి సగం అక్కడే ఫెయిలవుతాయి.

ఇక ఫీడింగ్ బనీను. కంపెనీవాళ్ళు దాన్ని ట్యాంకు టాప్ అంటారు. లోపల రొమ్ము కింద ఒక ఎలాస్టిక్ ఉంటుంది, పైన క్లిప్పులుంటాయి. ఆపరేషన్ అయినవాళ్ళకు, కుర్తాలు వేసుకునేవాళ్ళకు బాగుంటుంది. టాప్ ఎత్తితే పొట్ట బయటపడదు. బస్సులో పోయేటప్పుడు ఆ ధైర్యం పెద్దది. కానీ రొమ్ము బరువుగా ఉన్నవాళ్ళకు ఆ ఎలాస్టిక్ ఒక్కటే చాలదు, రోజంతా దానితో ఉంటే వీపు నొప్పి వస్తుంది. పడుకునేటప్పుడు, ఇంట్లో ఉన్నప్పుడు వేసుకోమనండి. మన మే నెల ఎండకు బనీను, దాని మీద జాకెట్టు, దాని మీద చీర అంటే ఉడికిపోతారు, కాబట్టి చీర కట్టేవాళ్ళకు అంటగట్టకండి. ఏది ఇచ్చినా నూలుదే ఇవ్వండి. కప్పులో పెట్టుకునే ప్యాడు పాలతో తడిస్తే మార్చుకోమని ప్రతి ఒక్కరికీ చెప్పండి, వాళ్ళకు తెలుసు అనుకోవద్దు.

చివరిది. గడ్డలా ఉంది, ఎర్రబడింది, జ్వరం వచ్చింది అని ఎవరైనా చెబితే, అమ్మకం అక్కడితో ఆపి దవాఖానకు పంపండి. మనం డాక్టర్లం కాదు. నాకు తెలిసిన నర్సమ్మ ఒకామె ఈ మాట నాకు గట్టిగా చెప్పింది. నేను మీకు అంతే గట్టిగా చెబుతున్నాను.

కోదాడ మేనేజరు

కోదాడ షాపులో మేనేజరు కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినవాడు. మాట తేనె. లెక్క ఇనుము. స్పాంజి పెట్టి, తీగ వేసి, లేసు కుట్టినవాటి మీద లాభం ఎక్కువని, బాలింతలకు కూడా అవే చూపించమనేవాడు. నేను నూలువి తీస్తుంటే పక్కకు పిలిచి, "మేడమ్, మీరు గిరాకీని భయపెడుతున్నారండి. ఆవిడ అందమైంది అడిగితే మీరు ఆరోగ్యం అమ్ముతున్నారు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది, మనిషి నచ్చలేదు.

ఇద్దరికీ ఏడాదిపాటు పడలేదు. నేను లేనప్పుడు తీగవి అమ్మేవాడు, ఉన్నప్పుడు నేను వాటిని పై అరలోకి ఎక్కించేదాన్ని. ఆయన నిచ్చెన వేయించి దింపించేవాడు.

తర్వాత ఆయన భార్యకు మొదటి కాన్పు అయింది. ఒకరోజు షాపు తెరవకముందే వచ్చి, కౌంటర్ దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, "మేడమ్, ఇంట్లో ఆవిడకు ఒక రెండు కావాలండి. మంచివి చూసి ఇవ్వండి" అన్నాడు. జేబులోంచి మడిచిన ఆది జాకెట్టు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఎరుపు రంగు, జరీ అంచు, పెళ్ళి జాకెట్టే. నేను దాన్ని చూసి, ఆయన్ను చూశాను. "లేసుది ఇమ్మంటారా?" అన్నాను. "ఊరుకోండి మేడమ్" అని తల గోక్కున్నాడు. భార్యకు ఫోన్ చేయించి సైజు కనుక్కొని నూలువి ఇచ్చి పంపాను. ఆ తర్వాత ఆయన మంచివాడైపోయాడని చెప్పను. కానీ బాలింతలు వస్తే మాత్రం తనంతట తనే నన్ను పిలిచేవాడు.

మౌనిక

ఇంత పనిలో నాకు బాగా గుర్తున్నది మౌనిక. మిర్యాలగూడ షాపుకు తొమ్మిదో నెలలో వచ్చింది. ఊరు దగ్గర్లోనే. భర్త రైసుమిల్లులో పనిచేస్తాడు. అతను బండి దగ్గరే నిలబడిపోయాడు, ఈమె ఒక్కతే లోపలికి వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టాను. ఏం కావాలని అడగకముందే, "నాకు పాలు పడయి అక్కా. అయినా ఈసారి చూద్దామని వచ్చిన" అంది. ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఎవరు చెప్పారు పాలు పడవని అంటే, అందరూ అంది. ఇది రెండో కాన్పు. మొదటిది ఆడపిల్ల, అప్పటికి మూడేళ్ళది. ఆ కాన్పప్పుడు అత్త కొలత జాకెట్టు పట్టుకుపోయి ఎక్కడో బ్రా తెచ్చింది. బిగుతుగా ఉందంటే, ఉండాలె, అట్లుంటెనే మంచిది అందట. రోజంతా అదే. కొన్నాళ్ళకు ఒకవైపు గట్టిపడి, గడ్డకట్టి, జ్వరం వచ్చింది. డాక్టరు మందులిచ్చి, తాగించడం ఆపొద్దన్నాడు. నొప్పికి ఈమె తాగించలేకపోయింది. ఇంట్లోవాళ్ళు పాలు చెడినయి అని పిల్లకు డబ్బా పాలు పట్టారు. తాగక తాగక పాలు వెనక్కి పోయాయి. అప్పటి నుంచి ఆ ఊళ్ళో ఎవరికి కాన్పయినా, "ఈమెకు మాత్రం చుక్క పడలె" అని మౌనికనే ఉదాహరణ చెబుతారు. ఈసారి కాన్పుకు ముందే ఇంట్లో పాలడబ్బా తెచ్చి పెట్టారు.

"నాకు ఈ బిడ్డకైన పాలియ్యాలని ఉంది. మా అత్తకు తెల్వకుంట వచ్చిన" అంది.

బ్రా వల్లనే పాలు పోయాయని నేను ఆమెకు చెప్పలేదు. అది నాకు తెలియదు. బిగుతు వల్ల గడ్డకట్టే అవకాశం ఉంటుందని నర్సమ్మ చెప్పగా విన్నాను, అదే చెప్పాను, దవాఖానలో అడగమన్నాను. కొలిచాను. రెండు ఇచ్చాను. కూర్చోబెట్టి, వంగబెట్టి, సంచి చంకలో పెట్టి క్లిప్పు తీయించాను. పోయేటప్పుడు నా ఫోన్ నంబరు అడిగి రాసుకుంది.

ఫోన్ మాత్రం రాలేదు. కాన్పయిన కొన్నాళ్ళకు, బిల్లు మీద షాపు పేరు చూసుకొని ఆమె అత్త వచ్చింది.

పేరు సత్తెమ్మ. నా ఈడుదే. షాపు నిండా గిరాకీ ఉన్నప్పుడు, నేను అమ్మిన రెండు బ్రాలూ కౌంటర్ మీద పరిచింది. పక్కన ఒక జాకెట్టు పెట్టింది.

"ఈ సంచులు అమ్మింది ఎవరు?" అంది.

"నేనే అక్కా. కూసో" అన్నాను.

"కూసునేటందుకు రాలె. నా కోడలు ఏసుకుంటె బిగుతే లేదు. గీ జాకెట్టు కొలతకు చిన్నయి ఇయ్యి."

"జాకెట్టు ఎప్పటిది?"

"ఎప్పటిదైతేంది, ఆమెదే."

గొంతు పెద్దది. చీరల వైపున్న గిరాకీ అంతా ఇటు తిరిగింది. గల్లా దగ్గర కూర్చున్న సేటు లేచి వచ్చాడు. అప్పటికి ఆయనకు వయసు పైబడింది, లొల్లి అంటే భయం. "మార్చియ్యి సరళమ్మా, ఎందుకొచ్చిన పంచాది" అన్నాడు.

"మార్చబడవు అని మీరే రాయించిన్రు గదా సేటూ" అన్నాను.

ఆయన బోర్డు వైపు ఒకసారి చూసి, "అది ఊకె రాసింది" అన్నాడు. ఇన్నేళ్ళూ ఒక్క లంగా మార్చనివ్వని మనిషి.

చిన్నవి ఇచ్చేస్తే నాకు ఏ గొడవా లేదు. ఇస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో మాత్రం నాకు తెలుసు. ఆ తల్లి మూడేళ్ళుగా మోస్తున్న పేరు ఇంకా గట్టిపడుతుంది, డబ్బా మూత తీస్తారు. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నేను నిదానంగా మాట్లాడతాను.

"అక్కా, చిన్నయి కావాలంటె ఇస్త. నీ కోడలు ఒంటి మీద చూసి ఇస్త. ఇప్పుడే వస్త నడువు" అన్నాను.

"బాలింత అర్రలకా?"

"కాళ్ళు కడుక్కొనే వస్త."

సత్తెమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "రా. సూసినంక నువ్వే ఇస్తవ్" అంది. వేరే సైజులు నాలుగు సంచిలో వేసుకొని, సేటు ఏమీ అనకముందే బయటపడ్డాను.

ఆటోలో దారి పొడుగునా ఆమే మాట్లాడింది. నలుగురిని కన్నది, నలుగురినీ జాకెట్టు ముడేసుకొనే సాదింది, ఇవన్నీ ఎప్పుడూ ఎరగదు. కోడలికి చీకటితోనే లేచి ఎల్లిగడ్డలు వేయించి కారం నూరుతుంది. ఎంత పెట్టినా పిల్లగాడు ఏడుస్తున్నాడు, ఆమెకు పడడం లేదు, ఏం చెయ్యాలె. ఆ గొంతులో దిగులు ఉంది. అప్పటిదాకా ఆమెను నేను గయ్యాళి అనుకున్నాను. ఆటో దిగేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

మౌనిక మంచం మీద గోడకు ఆనుకొని ఉంది. నన్ను చూసి ముందు అత్త వైపు చూసింది. ఒంటి మీద మొదటి కాన్పునాటి పాత బ్రా ఉంది, బీరువాలోంచి తీసి తొడిగించారు. కుడివైపు చంక దగ్గర గట్టిగా, ఎర్రగా ఉంది. పిల్లవాడు నోరు పెట్టి, రెండుసార్లు లాగి, వదిలేసి ఏడుస్తున్నాడు. పాలడబ్బా అరలో ఉంది, ఇంకా మూత తియ్యలేదు. ఆ సాయంత్రం తీద్దామనుకున్నారట.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. బ్రా విప్పించాను. "అక్కా, నీ కొలత జాకెట్టు తియ్యి. నువ్వే తొడుగు" అన్నాను.

సత్తెమ్మ తొడిగింది. చేతులు ఎక్కడమే కష్టమైంది. ముందు హుక్కులు పెట్టబోతే రెండు అంచుల మధ్య నా నాలుగు వేళ్ళ ఎడం మిగిలింది. ఇంకొంచెం లాగింది. మౌనిక పళ్ళు బిగించింది. సత్తెమ్మ లాగడం ఆపేసింది.

"గింత తేడా ఉన్నదా" అంది.

"ఇది పెండ్లినాటిది అత్తా" అంది మౌనిక.

సత్తెమ్మ రెండు అంచుల మధ్య ఎడాన్ని తన వేళ్ళతో కొలిచి చూసింది. తర్వాత అడిగింది. "అప్పుడు, పెద్దదాని అప్పుడు గూడ గిట్లనే ఉండెనా?"

"ఉండె."

"మరి చెప్పకపోతివి."

"చెప్పిన. బిగుతుంటెనే మంచిదన్నవ్."

నేను జాకెట్టు విప్పి, తెచ్చినవాటిలో సరైనది చూసి తొడిగాను. కాన్పుకు ముందు నేనిచ్చినదాని కంటే కప్పు ఇంకా ఒక సైజు పెద్దదే పట్టింది. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి ఇమ్మంటే సత్తెమ్మే తెచ్చి ఇచ్చింది. ఆశా కార్యకర్తకు ఫోన్ చేయించాను. ఆమె వచ్చి పిల్లవాడిని ఎట్లా పట్టుకోవాలో దగ్గర కూర్చొని చూపించింది. ఆ పని నాకు రాదు. ఆ సాయంత్రమే దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ మందు రాసి, తాగించడం మాత్రం ఆపొద్దని, ఒంటి మీద ఏదీ బిగించొద్దని చెప్పిందట.

మర్నాడు నేను షాపుకు పోతే సేటు, "నాలుగు పీసులు తీసుకపోయినవ్, ఎన్ని తెచ్చినవ్?" అన్నాడు. మూడు అన్నాను. లెక్క పెట్టుకున్నాడు.

రెండోసారి పోయినప్పుడు

కొన్ని వారాల తర్వాత మౌనిక ఫోన్ చేసింది. సైజు కుదుటపడినట్టుంది, ఒకసారి వచ్చి చూడమంది. పిల్లవాడు ఎట్లున్నాడని అడిగాను. "తాగుతుండు అక్కా" అంది.

ఇంటికి పోయేసరికి సత్తెమ్మ వాకిట్లో ఉంది. పెద్దపిల్ల ఆమె పక్కన ఆడుకుంటోంది. నన్ను చూసి "లోపలున్నది, పో చెల్లె" అంది. మౌనిక పిల్లవాడికి పాలిస్తోంది. ముఖం తేటపడింది. అరలో డబ్బా లేదు. నేను టేపు తీసి, తాగించడం అయిపోనివ్వమని పక్కన కూర్చున్నాను.

అప్పుడే వాకిట్లోకి పక్కింటి ఆమె వచ్చింది. వాళ్ళ బిడ్డకు కూడా కాన్పయిందట. "సత్తెమ్మా, మీ మనుమనికి ఏ కంపిని డబ్బా పడుతున్నరు? మా పిల్లకు గూడ తెద్దామని" అంది.

"డబ్బా లేదు. తల్లి పాలే" అంది సత్తెమ్మ.

"మౌనికకు పడయి గదనే?"

లోపల మౌనిక కదలకుండా వింటోంది. ఈ ప్రశ్నకు ఆ వాకిట్లో మూడేళ్ళుగా ఒకటే జవాబు ఉండేది. సత్తెమ్మ ఆ జవాబే చెబుతుందేమో అని నాకూ అనిపించింది. ఈసారి పడ్డాయి అని ఊరుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

"పడ్డయి" అంది సత్తెమ్మ. "పెద్దదాని అప్పుడు గూడ పడ్డయి. బిగుతుగ ఏసి నేనే చెడగొట్టిన. పిల్ల మొత్తుకున్నా వినలె. పాలు లేవని నీకు చెప్పింది నేనే గద. ఇది గూడ నేనే చెప్తున్న. ఊళ్ళె అడిగినోళ్ళకు గిదే చెప్పు."

పక్కింటి ఆమె ఏమందో నాకు సరిగా వినపడలేదు. మౌనిక తల ఎత్తలేదు. కళ్ళ నీళ్ళు కారి పిల్లవాడి చెంప మీద పడితే కొంగుతో తుడిచింది. తర్వాత ఒక చేత్తో క్లిప్పు పెట్టుకొని, రెండో వైపు తీసి, బిడ్డను అటు మార్చుకుంది. నేను టేపు చేతిలో పట్టుకొని, వాడి కడుపు నిండేదాకా అక్కడే కూర్చున్నాను.